బొమ్మకి కుట్టిన జాకెట్టు

లోకంలో జాకెట్లన్నీ మనుషుల కోసం పుడతాయి. నేను ఒక బొమ్మ కోసం పుట్టాను.

రాజమండ్రి తాడితోటలో వరసగా బట్టల షాపులుంటాయి. వాటిలో ఒక చీరల షాపు వాళ్ళు ముంబై నుంచి నిలువెత్తు బొమ్మనొకదాన్ని తెప్పించి, వీధి వైపు అద్దాల కిటికీలో నిలబెట్టారు. బొమ్మ అందంగానే ఉంది గానీ, దానికి బట్టలు కట్టడం మొదలుపెట్టాక అసలు చిక్కు తెలిసింది. మనిషి ఎత్తు కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువే, ఒళ్ళు మాత్రం బొత్తిగా లేదు. భుజాల దగ్గర్నుంచి మడమల దాకా గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. షాపులో ఉన్న జాకెట్లలో ఒక్కటీ దానికి పట్టలేదు. వీపు వెనక గుండుసూదులు గుచ్చారు, బట్టల క్లిప్పులు పెట్టారు. ఎన్ని చేసినా ముందు నుంచి చూస్తే చంకల దగ్గర ముడతలే. చివరికి కాలేషాని పిలిచారు.

కాలేషా అరవై దాటిన టైలరు. ఆ షాపు మెట్ల కింద మిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాడు. పక్కనే పీట మీద ఆయన భార్య జాన్‌బీ కూర్చుని హుక్కులు కుట్టేది, కాజాలు తీసేది. ఆయన టేపు పట్టుకెళ్ళి బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్రతి కొలతా కాగితం మీద రాసుకున్నాడు. జేగురు రంగు నేతగుడ్డ తెచ్చి, తడిపి ఆరేసి, మర్నాడు గానీ కత్తెర పెట్టలేదు.

"బొమ్మకి ఇంత నిదానమేంటయ్యా, బిగుతయిందని గొడవ పెడద్దా ఏంటి అది?" అని నవ్వింది జాన్‌బీ.

"గొడవ పెట్టదు కాబట్టే సరిగ్గా కుట్టాలి" అన్నాడాయన.

అలా పుట్టాను. నా మెడ లోతుగా ఉండదు. ఒక భుజం నుంచి రెండో భుజం దాకా పడవ అంచులా సాగుతుంది. చేతులు మోచేతి దాకా వస్తాయి. నడుము దగ్గర ఒక వేలు దూరేంత సందు, అంతే. బొమ్మకి తొడగడం తేలికని హుక్కులు వీపు వెనక పెట్టారు. నా మీద బూడిద రంగు మంగళగిరి చీర కట్టారు, జానెడు జేగురు అంచున్నది. కిటికీ ముందు ఆగినవాళ్ళు ఆగినట్టే ఉండేవారు. "ఎంత నిటారుగా ఉందో చూడవే, చీర ఎలా పడిందో!" అనుకునేవారు. చేత్తో అద్దం మీద చూపించేవారు.

ఎనిమిది నెలలు అలాగే నిలబడ్డాను. నా లోపల ఉన్నది చల్లటి గట్టి ఫైబరు. ఒంటి వేడంటే ఏమిటో నాకు తెలియదు, కాబట్టి లేదన్న దిగులూ లేదు.

రోజూ సాయంత్రం నాలుగున్నరకి కిటికీ ముందు ఒకావిడ వచ్చి నిలబడేది. మునిసిపల్ బాలికల హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే టీచరు, పేరు హైమవతి, నలభై ఏడేళ్ళు. బడి నుంచి ఒక ఆటోలో వచ్చి, షాపు ముందు దిగి, ఇంటికి ఇంకో ఆటో ఎక్కాలి. ఆటో నిండేదాకా మా కిటికీ వైపు చూస్తూ ఉండేది. తక్కిన ఆడవాళ్ళు చీరని చూసేవారు. ఆవిడ చూసేది బొమ్మని.

ఎందుకో నాకు చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. ఆవిడ ఎత్తు, బొమ్మ ఎత్తు ఒకటే. ఆ భుజాలూ ఆ నడుమూ కూడా అవే. అయితే ఆవిడ బట్టల వెనక అదంతా ఎవరికీ కనబడదు. బుట్ట చేతుల జాకెట్టు భుజాల మీంచి జారుతూ ఉండేది. మెత్తటి చీర మడతలు మడతలుగా ఒంటికి చుట్టుకుని ఉండేది. పమిట చివర తెచ్చి రెండో భుజం మీదుగా కూడా కప్పుకునేది. ఆ వేషంలో ఆవిడ నడుస్తుంటే, తీగ మీద ఆరేసిన బట్టలే గాలికి కదిలి వస్తున్నట్టుండేది.

ఆ వేషం ఆవిడది కాదు, వాళ్ళమ్మది. హైమవతికి ఇరవయ్యో ఏట మొదటి పెళ్ళిచూపులు జరిగాయి. వచ్చినవాళ్ళు గడప దాటకముందే "పిల్ల మరీ గడకర్రలా ఉందే" అనుకుంటూ వెళ్ళారు. రెండోసారి నుంచి వాళ్ళమ్మ కూతురికి చీర లోపల రెండు లంగాలు కట్టడం మొదలుపెట్టింది. "కాస్త ఒళ్ళున్నట్టు కనబడతావే తల్లీ" అనేది. జాకెట్లు రెండంగుళాలు వదులు, చేతులకి కుచ్చులు. ఆ తల్లికి కూతురంటే ప్రాణం. భయం అంతకన్నా ఎక్కువ. మొత్తం పన్నెండు మంది వచ్చి చూశారు. పన్నెండు మందీ ఏదో ఒక మాట అని వెళ్ళారు. చెల్లెలు వత్సల పెళ్ళి ముందు జరిగిపోయింది. తర్వాత ఎవరూ రాలేదు. చూసేవాళ్ళు లేకపోయినా రెండు లంగాలూ మాత్రం ఉండిపోయాయి. వైశాఖ మాసపు రాజమండ్రి ఎండల్లో కూడా ఆవిడ వాటితోనే బడికి వెళ్ళేది. కిందటేడు తల్లి పోయింది. ఇంట్లో ఇప్పుడు ఒక్కతే.

నాకు మనుషుల పద్ధతి ఒకటి ఇప్పటికీ అంతుబట్టదు. అవే కొలతలు బొమ్మకుంటే ఊరంతా చూసేలా వీధిలో నిలబెట్టారు. మనిషికుంటే కనబడకుండా కప్పుకోమన్నారు.

ఒక శుక్రవారం ఆవిడ ఆటో వచ్చినా ఎక్కలేదు. మెట్లెక్కి లోపలికొచ్చి, కిటికీలో చీర కావాలంది. ఆ ఉదయం వత్సల ఫోను చేసిందిట. అమలాపురంలో దివాకరం గారని, యాభై నాలుగేళ్ళాయన, భార్య పోయి మూడేళ్ళయింది, ఆదివారం వత్సల ఇంటికి వచ్చి చూస్తారుట. ఇవన్నీ ఆవిడ షాపులో చెప్పలేదు. ఆ తర్వాత జాన్‌బీతో చెబుతుంటే విన్నాను.

"ఈ బూడిద రంగు మీకు బాగోదండి. నిండుగా కనబడే పట్టు చీరలు చూపిస్తాను రండి" అంది సేల్స్‌గర్ల్.

"నాకు అదే కావాలమ్మా" అంది హైమవతి. అనేసి తనే తడబడింది. జీవితంలో ఒక బట్ట గురించి ఆవిడ అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలనుకుంటాను.

కాలేషా మెట్ల కింద నుంచి లేచి వచ్చాడు. ఆయన మనుషుల మొహాలు పెద్దగా చూడడు, భుజాలు చూస్తాడు. ఒక్క చూపు చూసి, "అమ్మా, చీరతో పాటు ఆ జాకెట్టు కూడా ఒకసారి వేసుకుని చూడండి" అన్నాడు.

"అది బొమ్మదండీ!"

"కుట్టింది నేనే కదమ్మా. నాకు తెలుసు, సరిపోద్ది."

షాపు వెనక గదిలో జాన్‌బీ నన్ను ఆవిడకి తొడిగింది. ఆ క్షణం గురించి ఎలా చెప్పను? నా లోపల ఏదో కదిలింది. పొంగింది, తగ్గింది, మళ్ళీ పొంగింది. ఏమిటో తెలియక హడలిపోయాను. అది ఊపిరి. ఎనిమిది నెలలు కదలని దాని మీద బిగుసుకుని ఉన్న నా కుట్లన్నీ ఒక్కసారి మెత్తబడ్డాయి.

"ఏవమ్మా, లోపల రెండు లంగాలు కట్టారా?" అంది జాన్‌బీ నెమ్మదిగా.

"నీకెలా తెలిసింది?"

"నడకలో తెలిసిపోద్దమ్మా. గుడారం నడిచొస్తున్నట్టుంటది. ఒకటి తీసేయండి."

హైమవతి ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత తీసింది. తీసి, మడతపెట్టి, స్టూలు మీద పెట్టింది. చీర కట్టాక తలుపు తీసింది. కాలేషా కుచ్చిళ్ళ వైపు మాత్రమే చూస్తూ పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"సన్నటివాళ్ళు వదులు బట్ట వేసుకుంటే ఇంకా సన్నబడతారమ్మా. బట్టలో మనిషి తప్పిపోతారు. జాకెట్టు భుజం మీద నిలబడాలి. నిలువు గీతలు మీకొద్దు. అంచు పెద్దదుండాలి. గంజి పెట్టిన నేత చీర కట్టండి, అది మీ ఒంటికి అంటుకోదు, మీ పక్కన నిలబడద్ది. పమిట చిన్న చిన్న మడతలు పెట్టి గుచ్చకండి. ఒంటి పొరగా వదిలేయండి."

ఆవిడ అద్దంలో చూసుకుంది. నవ్వుతుందనుకున్నాను. ఏడుస్తుందనీ అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. చాలాకాలం తర్వాత ఎదురుపడిన మనిషిని పోల్చుకుంటున్నట్టు అలా చూస్తూ నిలబడింది.

ఆదివారం వత్సల ఇంట్లో పెద్ద గొడవే అయింది.

"ఇదేంటక్కా ఈ బూడిద చీర? నా ఆకుపచ్చ కంచిపట్టు కట్టుకో. బుట్ట చేతుల జాకెట్టు కూడా తీసి ఉంచాను. అమ్మ ఉంటే ఊరుకునేదా?"

"అమ్మ లేదుగా వత్సలా. హుక్కులు పెట్టు" అని వీపు తిప్పింది హైమవతి.

దివాకరం గారు నాలుగింటికి వచ్చారు. తెల్లటి చొక్కా, శుభ్రమైన మనిషి. చెడ్డవాడు కాదు, నేను అలా అనను. కుర్చీలో కూర్చుని మోకాలి మీద ఫోను పెట్టుకున్నారు. హైమవతి కాఫీ తెచ్చింది. ఆ పది అడుగులూ నేను ఆవిడ గుండె పక్కనే ఉన్నాను. ఎంత గట్టిగా కొట్టుకుందంటే మూడో హుక్కు ఊడిపోతుందేమో అనుకున్నాను. అయినా ఆవిడ వంగలేదు, పమిట కప్పుకోలేదు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి తనెలా ఉందో అలాగే ఒక మనిషి ఎదుట నిలబడింది.

ఆయన చెయ్యి చాచి కప్పు అందుకున్నారు. కళ్ళెత్తలేదు.

"రిటైర్మెంటుకి ఇంకా ఎన్నేళ్ళుందండి?" అని అడిగారు. అమలాపురం బదిలీ పెట్టుకోవడం కుదురుతుందా అని అడిగారు. వాళ్ళ అమ్మగారికి ఉప్పు లేకుండా వండాలనీ, వంటమనుషులు నిలవడం లేదనీ చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఫోను మోగితే మాట్లాడారు. గోడ మీద కేలండరు చూశారు, వత్సల భర్తని చూశారు, బిస్కెట్ల పళ్ళెం చూశారు. గంట గడిచాక లేచి నమస్కారం పెట్టారు. అది కూడా అందరికీ కలిపి ఒకటే.

చీకటి పడకముందే ఫోను వచ్చింది. ఒప్పుకున్నారుట. వత్సల ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇన్నేళ్ళకి కుదిరింది అక్కా! నేను చెప్పలా?"

"ఆయన నన్ను చూడలేదు వత్సలా" అంది హైమవతి.

"చూడకపోవడమేంటి? గంటసేపు ఎదురుగా కూర్చుంటేనూ!"

"నేనేం చీర కట్టుకున్నానో అడుగు."

వత్సల నవ్వేసింది. అక్క సరదాకి అంటోందనుకుంది. తనూ సరదాకే ఆయనకి మళ్ళీ ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అన్నయ్యగారూ, మా అక్క చీర ఎలా ఉందో చెప్పనేలేదు మీరు."

"ఆఁ, బాగుందమ్మా. పట్టుచీరేగా, ఎరుపు... బాగుంది" అన్నారాయన.

వత్సల మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఫోను పెట్టేసి, "చీర రంగు కోసం సంబంధం వదులుకుంటావా? ఎవరైనా వింటే నవ్వుతారక్కా" అంది.

"పన్నెండు మంది చూసి వద్దన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, చూసి అన్నారు. ఈయనకి ఉప్పు లేకుండా వండే మనిషి కావాలి. మంచాయనే, అలాంటి మనిషి దొరుకుతుందిలే" అంది హైమవతి. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఆ కాఫీ కప్పులన్నీ కడిగి బోర్లించి వచ్చింది. కానీ ఊపిరి, నాకు తెలుస్తుంది కదా, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

వత్సల నాలుగు నెలలు ఫోను చెయ్యలేదు.

ఆ నాలుగు నెలల్లోనే ఆవిడ ఒంటరితనం ఏపాటిదో నాకు తెలిసింది. ఇంట్లో మాట వినబడేది కాదు. కుక్కరు కూత, పక్కవాళ్ళ టీవీ, అంతే. అయినా ఆవిడ మళ్ళీ పాత వేషంలోకి వెళ్ళలేదు. వారానికి రెండు రోజులు నన్ను వేసుకుని, గంజి చీర కట్టుకుని బడికి వెళ్ళేది. మొదటి రోజు స్టాఫ్‌రూమ్‌లో, "ఏంటి హైమా, ఏమన్నా విశేషమా?" అని కళ్ళెగరేశారు. "మంగళవారం" అంది ఆవిడ. మనుషులు బాగా తయారవడానికి ఏదో కారణం ఉండాలనీ, నలభై ఏడేళ్ళ ఒంటరి మనిషికి ఆ కారణం అసలే ఉండకూడదనీ వాళ్ళకో నమ్మకం. పదో తరగతి పిల్లలు ఆవిణ్ణి చాటుగా స్కేలు మేడం అనేవారు. ఆ పేరు అలాగే ఉంది. అనే తీరు మాత్రం కొంచెం మారింది.

చిక్కల్లా నా హుక్కులతోనే. బొమ్మ కోసం వెనక పెట్టిన హుక్కులాయె. ఒంటరి మనిషి ఒక్కతే పెట్టుకోవాలంటే కింద నాలుగూ అందుతాయి గానీ, పైది అందదు. ఆవిడ అద్దానికి వీపు తిప్పి, చెయ్యి పైనుంచి వంచి, కింద నుంచి వంచి, చెమటలు కక్కేది. ఒక ఉదయం అలాగే వదిలేసి, పమిట కప్పుకుని వచ్చేసి, మెట్ల కింద జాన్‌బీ ముందు నిలబడింది. కాలేషా దంపతులు షాపు తెరవకముందే వచ్చి కూర్చునేవారు.

"జాన్‌బీ, కాస్త ఈ పైది పెడతావా?"

జాన్‌బీ పెట్టింది. మెడ దగ్గర గుడ్డ సర్ది, వీపు మీద ఒకసారి తట్టింది. "ముందుకి మార్చేమంటారా అమ్మా? పావుగంట పని" అంది.

హైమవతి పమిట సర్దుకుంది. "వద్దులే. రోజూ ఇటే వస్తాగా" అంది.

ఆ తర్వాత నన్ను చూసి కాలేషా ఇంకా ఏడు జాకెట్లు కుట్టాడు. ప్రతిసారీ ఆవిడ హుక్కులు వెనకే పెట్టమనేది. "ఒక్కతే ఉండే మనిషికి ఈ వెనక హుక్కులేంటి, నాకర్థం కాదు" అని గొణిగేవాడాయన. "నీకర్థం కాదులే. అలాగే పెట్టు" అనేది జాన్‌బీ.

ఆ ముసలావిడకి అర్థమైంది. నాకూ అర్థమైంది. రోజు మొత్తంలో హైమవతిని తాకే మనిషి చెయ్యి అదొక్కటే.

అయిదేళ్ళు అలా జరిగింది. వత్సల కోపం తగ్గి మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి గానీ, అక్కాచెల్లెళ్ళు ఆ ఆదివారం ఊసెత్తలేదు. కాలేషా చూపు మందగించింది. సూదిలో దారం జాన్‌బీ ఎక్కించి ఇవ్వాల్సి వచ్చేది. తర్వాత జాన్‌బీ కళ్ళూ అలాగే అయ్యాయి. ఒంగోలులో ఉన్న కూతురు వచ్చి, ఇక చాలు, మా ఇంటికి రండని ఇద్దర్నీ బయల్దేరదీసింది.

వెళ్ళేముందు కాలేషా, "బొమ్మ కోసం కుట్టిన జాకెట్టు ఒకసారి తెచ్చివ్వండమ్మా" అని అడిగాడు. అప్పటికి నా చంకల దగ్గర గుడ్డ పల్చబడిపోయింది. ఆవిడ నన్ను కవర్లో పెట్టి తెచ్చింది. ఆయన బ్లేడు తీసుకుని, తను వేసిన కుట్లు తనే ఒక్కొక్కటిగా విప్పాడు. చూపు ఆనక వేళ్ళతో తడుముకుంటూ విప్పాడు. నొప్పి తెలియలేదు. ఆ వేళ్ళకి నేను ఎక్కడెక్కడ ఉన్నానో నాకన్నా బాగా తెలుసు. ముందు భాగం ఒక ముక్క, వీపు రెండు ముక్కలు, చేతులు రెండు, మెడ పట్టీ. నన్ను దళసరి కాగితం మీద పరిచి, సుద్దతో చుట్టూ గీసి, కాగితం కత్తిరించి ఇచ్చాడు.

"ఏ టైలరైనా దీని ప్రకారం కోస్తే చాలమ్మా. వదులుగా కుడతామంటే ఒప్పుకోకండి" అన్నాడు.

"హుక్కులు ముందుకి గీశారా?" అంది హైమవతి.

"గీశానమ్మా."

ఆవిడ తలాడించింది. ఆ రోజు వేసుకున్న జాకెట్టుకి పై హుక్కు ఊడి ఉంది. అడక్కుండానే జాన్‌బీ లేచి పెట్టింది. పెట్టాక చెయ్యి వెంటనే తియ్యలేదు. ఆటో వాడు హారను కొట్టాడు. హైమవతి ఎక్కి కూర్చుంది.

నా ముక్కల్ని పారెయ్యొచ్చు. పాత గుడ్డ, ఇప్పుడు కొలతకి కూడా అక్కర్లేదు, కాగితం ఉంది కదా. కానీ ఆవిడ ఒక తెల్లటి రుమాల్లో చుట్టి బీరువాలో చీరల పక్కన పెట్టింది. ఇప్పుడు నేను ఎవరి ఒంటికీ పట్టను. ఊపిరి తెలిసిన గుడ్డని కాబట్టి, ఇప్పుడు అది లేదన్న దిగులు కూడా తెలుసు. మడతల్లో చీకటిగా, చల్లగా ఉంటుంది. కలరా ఉండల వాసన.

హైమవతికి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. జుట్టు నెరిసింది, రంగు వేసుకోదు. ఇప్పటికీ అంతే సన్నగా, అంతే నిటారుగా ఉంది. ఆదివారం సాయంత్రాలు గోదావరి గట్టు దాకా ఒక్కతే నడిచి వెళ్ళి, కాసేపు కూర్చుని, నీళ్ళ వైపు చూసి వస్తుంది. అక్కడ ఆవిడ కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే నవ్వుతుంది, లేకపోతే లేదు. అయినా ఆ నడక కోసం కూడా ఆవిడ తీరిగ్గా తయారవుతుంది.

స్నానం చేసి వచ్చి బీరువా తలుపు తీస్తుంది. వెలుతురు పడుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీరల మీద చెయ్యి వేసి, ఒక్కొక్క అంచూ కదుపుతూ నా దాకా వస్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది.

"ఇవాళ ఏం కట్టుకుందాం?" అని అడుగుతుంది, పైకే.

ఆ ఇంట్లో ఆ మాట వినేది నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు. కాసేపు చూసి, ఏదో ఒకటి తనే తీసుకుంటుంది.